విస్కౌంటెస్ గారికి పడని గుడ్డు

“ప్రాగ్‌లో మనవాళ్లలో ముగ్గురికి ఉరి పడింది,” అన్నాడు బ్రిటిష్ గూఢచారి శాఖ కల్నల్ ఆర్క్‌రైట్. “మిగతా పదకొండు మంది పేర్లున్న మైక్రోఫిల్మ్ టిల్‌బ్రూక్ విస్కౌంటెస్ చేతిలో ఉంది.”

“డాఫ్నేనా? ఆవిడ మన మనిషి కదా సార్?”

“మన మనిషే. ఆ ఉరి వేసినవాళ్ల మనిషి కూడా.”

నోరా పిబస్ కుర్చీ ముందుకి జరుపుకుంది. ఆ పదకొండు మందిలో మిలేనా ఉంది. ఆ పిల్లకి వైర్‌లెస్ నేర్పింది నోరాయే. ఈ డాఫ్నే ఒకప్పుడు స్టేజీ డాన్సర్. విస్కౌంట్ బిరుదున్న ప్రభువుని కట్టుకుని దొరసాని అయింది.

“ఆ ఇళ్లల్లో పెళ్లయిన ఆడవాళ్లకి టిఫిన్ పక్కమీదికే వెళ్తుంది. పనిమనిషి తప్ప ఎవరూ ఆ గదిలో అడుగుపెట్టరు. అందుకే నిన్ను పనిమనిషిగా పంపుతున్నా. గుండె మీద గుచ్చుకునే ఈ బ్రూచ్‌లో ట్రాన్స్‌మిటర్ ఉంది. కోడ్ వర్డ్, ‘మార్మలేడ్ అయిపోయింది’. గేటు బయట వ్యాన్ ఉంటుంది.”

శుక్రవారం నోరా, అతిథిగా వచ్చిన వెక్స్‌కూమ్ కౌంటెస్ పనిమనిషి వేషంలో టిల్‌బ్రూక్ హాల్లో దిగింది. అక్కడ నౌకర్ల బల్ల దగ్గర కూడా పనిమనుషుల్ని యజమానురాలి పేరుతోనే పిలుస్తారు, ఆమె హోదాని బట్టే కూర్చోబెడతారు. బొగ్గు గని కూలి కూతురైన నోరాకి, కౌంటెస్ మనిషని, బట్లర్ పక్కన కుర్చీ వేశారు. పైవాళ్ల డాబు కిందివాళ్లు కూడా నెత్తికెత్తుకోవడం చూసి నోరాకి రోత పుట్టింది.

శనివారం ఉదయం డాఫ్నే తిన్న ట్రే వంటింట్లోకి వచ్చింది. వంటావిడ మిసెస్ గడ్జన్ దాన్ని పందుల కుడితి బకెట్లో బోర్లించింది.

“బేకన్ ముట్టలేదు, టోస్టు ముట్టలేదు. గుడ్డు మాత్రం పెంకు మిగిల్చింది. ఆరేళ్లనించీ గుడ్డు వాసనే పడదన్న మహాతల్లి.”

అంటే ఆవిడకి కావలసింది గుడ్డు కాదు, పెంకు. నోరా తేరుకునేసరికి బకెట్ బండెక్కేసింది. పందుల దొడ్డి ఇంటి వెనక ఉంది. నెల కిందట పనిలో చేరిన బండివాడు మాత్రం గుర్రాన్ని గేటు వైపు తోలుతున్నాడు.

నోరా పరిగెత్తి కళ్లెం పట్టుకుంది. “మార్మలేడ్ అయిపోయింది,” అంది బ్రూచ్‌లోకి. బండివాడు పిస్తోలు తీసి ఆమె నుదుటికి గురిపెట్టాడు. గేటు విరగ్గొట్టుకుని వచ్చిన వ్యాన్‌లోంచి ఇద్దరు దూకి వాణ్ని నేలకి అదిమారు.

నోరా గౌను చేతిని పైకి మడిచి, మోచేతిదాకా చెయ్యి కుడితిలో ముంచింది. పులిసిన జావ, చేప తలలు, టీ పిప్పి. అడుగున గుడ్డు పెంకు, అందులో ఫిల్మ్.

“వెక్స్‌కూమ్ గారూ,” అంది వెనకే పరిగెత్తుకొచ్చిన మిసెస్ గడ్జన్, “కౌంటెస్ మనిషై ఉండి కుడితిలో చెయ్యి పెడతారా?”

మేడ మీద కిటికీలో పట్టు గౌను, టీ కప్పు కనిపించాయి. డాఫ్నే ఏ బెదురూ లేకుండా తాపీగా టీ గుక్క వేసింది. నోరాకి కుడితి కంటే అదే ఎక్కువ కంపు కొట్టింది.

సోమవారం కల్నల్ ఫైలు మూసేశాడు. “అరెస్టు లేదు. విస్కౌంట్ పరువు చూడాలిగా. విడాకులిచ్చి కెన్యా పంపేస్తారు.”

“బిరుదు?”

“అది ఆవిడకే ఉంటుంది. మళ్లీ పెళ్లి చేసుకుంటేనే పోతుంది.”

నోరా చెయ్యి వాసన చూసుకుంది. నాలుగుసార్లు సబ్బు పెట్టి కడిగినా పోలేదు.

“అయితే జైల్లో ఆ బండివాణ్ని అడగండి సార్, పెళ్లయిందో లేదో.”