ఒక గరిటె ఎక్కువ

ఆ శుక్రవారం పొద్దున మబ్బు మౌలాలి గుట్ట వైపు నుంచి వచ్చి తార్నాక మీద ఆగింది. గాలి లేదు. వాన పడేట్టూ లేదు, తేలిపోయేట్టూ లేదు. యూనివర్సిటీ చెట్ల కింద నడిచి ఇంటికి వస్తున్న సామేలు రెండుసార్లు తలెత్తి చూశాడు. ఇలాంటి మబ్బు ఒక్కోసారి రోజంతా అట్లాగే ఉంటుందని అతనికి తెలుసు.

సామేలు ఆ యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లోనే వంటమనిషిగా చేసి రిటైరయ్యాడు. పిల్లలిద్దరూ ఆ ఆవరణలోనే పెరిగారు, అక్కడే ఇంజనీరింగ్ చదివారు. ఇప్పుడు ఇద్దరూ గచ్చిబౌలిలో ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తున్నారు. కొడుకు సుదర్శన్ ఒక టీముకు మేనేజరు. కూతురు వాసంతి వేరే టీములో ఉంది. శుక్రవారం ఆమెకు ఇంటి నుంచే పని.

సామేలు గల్లీ దాటి మెట్లెక్కేసరికి సుదర్శన్ బూట్లు వేసుకుంటున్నాడు. తల్లి సోమమ్మ పెట్టిన ఉప్మా పళ్ళెంలో అట్లాగే ఉంది. ఆకలి లేదన్నాడట. ముందుగదిలో వాసంతి కంపెనీ పేరున్న టీషర్టు వేసుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. శుక్రవారాలు అందరూ ఆ టీషర్టే వేసుకోవాలని కంపెనీలో ఒక ముచ్చట.

సుదర్శన్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"చెల్లె, తిన్నవా?"

వాసంతి ఒక చెవి మీద నుంచి హెడ్‌ఫోను పక్కకు జరిపింది. "ఏందన్నా, ఇయ్యాల కొత్తగ అడుగుతున్నవ్. మేనేజర్లకు పొద్దుగాల్నే ప్రేమ పుడ్తదా?"

అతను నవ్వలేదు. మెట్రోకు ఆలస్యమవుతుందని చెప్పి దిగిపోయాడు. కొడుకు మెట్ల మధ్యలో ఒకసారి ఆగడం సామేలుకు పైనుంచి కనిపించింది.

పొద్దెక్కాక వాసంతికి మీటింగు పిలుపు వచ్చింది. తెర మీద ఇద్దరు కనిపించారు. ఇద్దరినీ ఆమె ఎన్నడూ చూడలేదు. వాళ్ళలో ఒకామె కాగితం చూసి చదివినట్టు మాట్లాడింది. కంపెనీ కష్టమైన నిర్ణయం తీసుకుందనీ, ఇది వాసంతి పనితనం మీద తీర్పు కాదనీ, ఆమె చేసినదానికి కృతజ్ఞతలనీ చెప్పింది. ఏమైనా అడిగేది ఉందా అని కూడా అడిగింది. వాసంతి ఒక ప్రశ్న కూడగట్టుకునేలోపు తెర నల్లబడింది.

ఆమె పాస్‌వర్డు కొట్టింది. తెరుచుకోలేదు. ఇంకోసారి కొట్టింది. గడప దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్న సామేలు కరెంటు పోయిందా అని అడిగాడు.

"లేదు నాయిన. నన్ను తీసేసిన్రు."

సోమమ్మ వంటింట్లోంచి వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. ఎందుకు అని ఆమె అడగలేదు. కూతురు పక్కన కూర్చుని, ఆమె కూడా ఆ నల్లటి తెర వైపే చూసింది.

కంపెనీ పెద్ద ప్రతి సభలోనూ మనమంతా ఒక కుటుంబం అనేవాడు. వాసంతి ఆ మాటను ఇంట్లో అతని గొంతుతో చెప్పి నవ్వించేది. నవ్వించినా నమ్మింది. ఆరు నెలలుగా ఆమె చేస్తున్న పని, తను చేసేదంతా ఒక యంత్రానికి నేర్పడం. నేర్పాక పెద్ద పనుల్లోకి పంపుతామన్నారు. ఆమెకు తెలిసిన మేనేజరు దివాకర్ ఎండాకాలంలో మానేశాడు. తర్వాత వచ్చినతను వేరే ఊళ్ళో ఉంటాడు. ఆమె ముఖం కూడా సరిగా చూసి ఉండడు.

మధ్యాహ్నం కాబోతుండగా అక్షర ఫోన్ చేసింది. అక్షర కూడా ఆ కంపెనీలోనే చేసి, చలికాలంలో ఉద్యోగం పోగొట్టుకుని, ఇంకా వెతుక్కుంటోంది. లోపలివాళ్ళతో మాట్లాడుతూ ఉంటుంది. ముందు ఓదార్చింది. తర్వాత చెప్పాలా వద్దా అని నసిగి, చెప్పింది.

"మంగళారం మేనేజర్లందరిని ఒక రూంల కూసోబెట్టిన్రట. ఒక్కొక్కరి పేరు చదివి, వీళ్ళ గురించి ఎవరన్న మాట్లాడ్తరా అని అడిగిన్రట. రఘువీర్ కోసం వాళ్ళ మేనేజర్ కొట్లాడిండు, ఉన్నడు. నీ పేరు చదివినప్పుడు ఎవ్వలు మాట్లాడలే."

అక్షర గొంతు తగ్గించింది.

"మీ అన్న గూడ ఆన్నే ఉన్నడటనే."

వాసంతి ఫోను పెట్టేసింది. మంగళవారం సాయంత్రం ఆమెకు గుర్తుంది. సుదర్శన్ తార్నాక చౌరస్తాలో బేకరీ దగ్గర ఆగి ఆమెకిష్టమని కొబ్బరి కూరిన దిల్‌పసంద్ తెచ్చాడు. తను మాత్రం ముట్టలేదు.

ఆమె లేచి టీషర్టు మార్చుకుంది. దాన్ని మడతపెట్టి ల్యాప్‌టాప్ మీద పెట్టి, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. వెళ్ళేముందు తల్లికి సుదర్శన్ సంగతి రెండే మాటల్లో చెప్పింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. సోమమ్మ దాన్ని దించడం మర్చిపోయింది.

నాలుగింటికి సుదర్శన్ ఇంటికొచ్చాడు. అతను అంత పెందలాడే ఎప్పుడూ రాలేదు. చెల్లె ఏదని అడిగాడు. ఫోన్ బంద్ పెట్టిందని సోమమ్మ గోడ వైపు చూసి చెప్పింది. సామేలు కండువా భుజాన వేసుకుని, నడువు అన్నాడు.

ఇద్దరూ యూనివర్సిటీలోకి నడిచారు. కూతురు ఎక్కడుంటుందో సామేలుకు తెలుసు. పాత మెస్ వెనక, వంట గంజులు తోమేచోట ఒక సిమెంటు గద్దె ఉంది. చిన్నప్పుడు పిల్లలిద్దరూ దాని మీదే కూర్చుని తండ్రి పని అయ్యేదాకా చదువుకునేవాళ్ళు. స్టూడెంట్లు తినిపోయాక, పనివాళ్ళతో కలిసి చివరికి తినేవాళ్ళు. వడ్డించేటప్పుడు సామేలు తన పిల్లలకు అందరికీ వేసినంతే వేసేవాడు. మనోళ్ళు గదా అని ఒక గరిటె ఎక్కువ ఎయ్యొద్దు అనేవాడు. ఒకరోజు వాసంతి వంతు వచ్చేసరికి అన్నం అయిపోయింది. సామేలు ఎవరినీ అడగలేదు, ఆమెను ఖాళీ ప్లేటుతోనే పంపాడు. ఆ సంగతి చాలా ఏళ్ళు గర్వంగా చెప్పుకున్నాడు. ఆ రోజు తన ప్లేటులోంచి సగం చెల్లెలికి పెట్టింది సుదర్శన్.

వాసంతి ఆ గద్దె మీదే ఉంది. వాళ్ళను చూసి లేవలేదు.

"ఏం అడిగిన్రు నిన్ను?" అంది.

సుదర్శన్‌కు అర్థమైంది. తెలిసిపోయిందని కొంత తేలికపడ్డట్టు కూడా కనిపించాడు. "ఎవరన్న మాట్లాడ్తరా అన్నరు."

"నీ దిక్కు చూసిన్రా?"

"చూసిన్రు. నువ్వు నా చెల్లెవని అందరికి ఎరుకే."

"నువ్వేమన్నవ్?"

"నాకు చెప్పేది ఏం లేదని అన్న."

ఆర్ట్స్ కాలేజీ స్టేషన్ వైపు లోకల్ రైలు ఒకటి పోయింది. అది పోయేదాకా ముగ్గురూ ఆగారు.

సుదర్శన్ నిలబడే చెప్పాడు. తన టీములో కూడా ఇద్దరు పోయారనీ, వాళ్ళ కోసం తను మాట్లాడినా ఎవరూ వినలేదనీ చెప్పాడు. వాళ్ళకు పిల్లలున్నారు. వాళ్ళు పోయి చెల్లెలు మిగిలితే రేపు వాళ్ళ ముఖం ఎట్లా చూడాలి అన్నాడు. "నాయిన మనకేం నేర్పిండు? మనోళ్ళని ఒక గరిటె ఎక్కువ ఎయ్యొద్దనే గదా. నేను గదే చేసిన."

సామేలు కొడుకును చూశాడు.

"ఎక్కువ ఎయ్యొద్దన్న కొడుకా," అన్నాడు మెల్లగా. "ఆమె ప్లేట్ల ఉన్నది ఎవడన్న గుంజుకుంటుంటే చూసుకుంట నిలబడుమని నేను ఎప్పుడు చెప్పిన?"

చెప్పలేదని అతనే రూఢిగా అనుకోలేకపోయాడు. ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడ్డ పిల్ల గుర్తొచ్చింది. ఆమె ఆ రోజు ఏడవలేదు. ఏడవకపోతే ఆమెకు అర్థమైందనుకున్నాడు. గద్దె అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"నేను ఎక్కువ అడగలే అన్నా," అంది వాసంతి. గొంతు పెరగలేదు. "చేసిన పనిని చేసిందని చెప్తే సాలుండె. జరమొచ్చిన రోజు నేను గా పని ఖతం చేస్తుంటే నా నొసటి మీద తడిబట్ట ఏసింది నువ్వే గదా. నేనెట్ల చేసిన్నో గా రూంల తెలిసినోడివి నువ్వొక్కనివే."

సుదర్శన్ మెడలో కంపెనీ కార్డు ఇంకా వేలాడుతోంది. దాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత చెల్లెలి పక్కన కాకుండా, గద్దె కింద నేల మీద కూర్చున్నాడు.

"భయమైంది చెల్లె."

అతనే మళ్ళీ అన్నాడు.

"నా పేరు గూడ ఇంకో రూంల ఎవరో సదువుతుంటరు. చెల్లెను కాపాడుకునేటోడని ఒక్కసారి అనిపించుకుంటే, గాడ నా గురించి ఎవ్వలు నోరు తెరవరు. పేరు సదివిన్రు, నీళ్ళ గ్లాసు దిక్కు చూసిన. ఇంకో పేరు సదివిన్రు. అంతే, అయిపోయింది." అతను అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నాయిన మాట తర్వాత యాదికొచ్చింది. దాన్ని ముందల పెట్టుకున్న."

వాసంతి అడిగింది. "దిల్‌పసంద్ ఎందుకు తెచ్చినవ్?"

"మంచిగున్నదని రెండు ముక్కలు తిన్న," అంది. అప్పుడు ఏడ్చింది. పొద్దుటి నుంచి రాని ఏడుపు వచ్చింది. సుదర్శన్ చెయ్యి చాచబోయి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. సామేలు కండువా ఇచ్చాడు. ఆమె దాంతో కళ్ళు ఒత్తుకుంది. దానికి ఉల్లిగడ్డ వాసన ఉంది.

ముగ్గురూ ఒకరి వెనక ఒకరు ఇంటికి నడిచారు. ఇంజనీరింగ్ కాలేజీ రోడ్డు మీద కొత్తగా చేరిన పిల్లలు ఫైళ్ళు పట్టుకుని ఎదురొస్తున్నారు. ఒక అమ్మాయి మీద వాసంతి చూపు ఆగింది. ఏదో చెప్పాలనుకున్నట్టు వాసంతి పెదవులు కదిలాయి. అమ్మాయి నవ్వుకుంటూ దాటిపోయింది.

ఇంట్లో మధ్యాహ్నం ఎవరూ తినలేదు. ఇంకా చీకటి పడలేదు గానీ సోమమ్మ చాప పరిచి పళ్ళేలు పెట్టింది. అన్నం, అడుగంటిన పప్పు, పచ్చిపులుసు. ఆమె కొడుకుతో మాట్లాడలేదు. అతని పళ్ళెం మాత్రం ఎప్పుడూ పెట్టేచోటే పెట్టింది.

కూర్చుంటుండగా సుదర్శన్ ఫోన్ మోగింది. చదివి, బోర్లా పెట్టాడు.

"సోమారం మళ్ళ పిలిచిన్రు," అన్నాడు. "గదే రూము."

ఇంకొన్ని పేర్లు చదవడానికో, తన పేరు చెప్పడానికో అందులో రాయలేదు. అడిగినవాళ్ళూ లేరు. వాసంతి ఆ ఫోను వీపు వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"గాడ నీ దిక్కు మాట్లాడేటోళ్ళు ఉన్నరా?" అంది.

సుదర్శన్ ఆలోచించాడు. "లేరు," అన్నాడు.

సామేలు కళ్ళు మూసుకున్నాడు. అన్నం ముందు ప్రార్థన రోజూ అతనే చేస్తాడు. పిల్లలిద్దరి పేర్లూ చెప్పి, వాళ్ళ కొలువులు చల్లగా ఉంచమని అడుగుతాడు. ప్రభువా అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. మిగిలినవాళ్ళు కళ్ళు మూసుకునే ఎదురుచూశారు. కొంతసేపటికి కళ్ళు తెరిచి చూస్తే, అతను సోమమ్మ చేతిలోంచి గరిటె తీసుకుంటున్నాడు.

రిటైరయ్యాక అతను గరిటె పట్టలేదు. మోకాళ్ళ మీద జరిగి కూతురు ముందు కూర్చున్నాడు. అన్నం పెట్టి పప్పు వేశాడు. గరిటె మళ్ళీ గంజులో ముంచి, ఇంకొకటి వేశాడు. చాలు నాయిన అనబోయి వాసంతి తండ్రి ముఖం చూసి ఊరుకుంది.

తర్వాత కొడుకు ముందుకు జరిగాడు. సోమమ్మ చెయ్యి కొంగు దగ్గర ఆగింది. సామేలు కొడుకు పళ్ళెంలోనూ ఒకటి వేసి, ఇంకొకటి వేశాడు. గంజు అడుగున గరిటె గీసుకున్న చప్పుడైంది. మిగిలింది ముసలివాళ్ళిద్దరూ పంచుకున్నారు.

సుదర్శన్ తల ఎత్తకుండా కలుపుతున్నాడు. మొదటి ముద్ద చాలాసేపు అతని చేతిలోనే ఉంది. వాసంతి తన పళ్ళెంలోది నెమ్మదిగా, ఒక్క మెతుకు వదలకుండా తిన్నది. ఆమె తినడం అయ్యేదాకా చాప మీంచి ఎవరూ లేవలేదు.