సముద్రం లేని రేవుకు రైలు

ఆమె నాతో మొదటిసారి మాట్లాడింది వాకీటాకీలో. అదీ నన్ను దులిపెయ్యడానికి.

“మూడో నెంబరు క్రేనులో ఉన్నాయన పని చేస్తున్నారా, కునుకు తీస్తున్నారా?”

నేను నేలకు నలభై మీటర్ల ఎత్తున, అద్దాల గదిలో కూర్చుని ఓడలోంచి కంటైనర్లు దించుతున్నాను. కిందికి చూశాను. పసుపు గీత అవతల ఎర్ర హెల్మెట్ ఒకటి నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

“కునుకేనండీ. మీ గొంతు విని మెలకువ వచ్చింది.”

“నా రైలు నాలుగింటికి బయల్దేరాలి. నలభై అయిదు వ్యాగన్లలో ఇరవై ఖాళీ. నా బాక్సులు పొద్దున్నే దిగాయని కంప్యూటర్ చెబుతోంది. మరి అవేవీ?”

నాకేం తెలుసు? ఓడలోంచి తీసి ట్రైలర్ మీద పెట్టడం వరకే నా పని. ఆ తర్వాత అవి ఎటు పోతాయో ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ మాటే చెప్పాను.

“అదే వచ్చిన చిక్కు,” అని ఆమె టక్కున ఆపేసింది.

సాయంత్రానికి ఆమె ఎవరో పోర్టంతా తెలిసిపోయింది. సముద్రానికి నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఒక టెర్మినల్ ఉంది. సముద్రం లేని రేవు అన్నమాట. మా దగ్గర దిగిన సరుకు రైల్లో అక్కడికి చేరితే, అక్కణ్ణించి లారీలు చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు తీసుకెళ్తాయి. ఆమె అక్కడ రైళ్ళ ప్లానర్. రైలు సగం ఖాళీగా నడుస్తోంది కాబట్టి వచ్చే నెల నుంచి ఆపేసి, అంతా రోడ్డు మీదే పంపుదామని పైవాళ్ళ ఆలోచన. ఈలోగా కారణమేమిటో కనుక్కోవడానికి ఆమె వచ్చింది. మావాళ్ళు అప్పుడే ‘టైంటేబుల్’ అని పేరు కూడా పెట్టేశారు.

మర్నాడు యార్డు మేనేజరు ఆమెను నా దగ్గరికి పంపాడు. “ఈవిడకు అంతా పైనుంచి చూపించవయ్యా. కింద మా ప్రాణాలు తోడేస్తోంది.”

లిఫ్టు దిగి ఇనప మెట్ల మీద నడిచేటప్పుడు ఆమె కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది.

“భయంగా ఉందాండీ?”

“లేదు. కమ్మీ గట్టిగా ఉందో లేదో చూస్తున్నాను.”

గదిలోకి వచ్చి, కాళ్ళ కింద అద్దం ఉందని గమనించి, తల వంచింది. అంతే, మాట ఆగిపోయింది.

కింద మూడు వీధులంత పొడవున ఓడ. దాని మీద ఎరుపు, నీలం, ఆకుపచ్చ కంటైనర్లు మేడల్లా లేచి ఉన్నాయి. ఒక్కోటి ఒక గదంత ఉంటుంది. అలాంటివి నాలుగు వేలు. వాటి పక్కన మనుషులు ఆవగింజల్లా కదులుతున్నారు. ఓడకు అవతల ఒడ్డన్నదే లేని నీళ్ళు. చాలా దూరంలో వాన సముద్రం మీద నడుచుకుంటూ మా వైపే వస్తోంది.

“ఇదంతా ఎవరు కట్టారు?” అంది చాలాసేపటికి, గుసగుసగా. మళ్ళీ తనే, “మనుషులే కదూ,” అంది.

“ఏడేళ్ళుగా చూస్తున్నానండీ. ఇవాళెందుకో కొత్తగా ఉంది.”

ఆమె నా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుంది. “నా బాక్సులు చూపించండి.”

చూపించాను. ఒకటి అయిదు వరసల కుప్పలో అట్టడుగున ఉంది. దాన్ని తియ్యాలంటే పైనున్న నాలుగూ పక్కకు పెట్టాలి. ఇంకోటి యార్డు ఆ చివర. మూడోది వేరే కుప్ప మధ్యలో. ఒక్క బాక్సు బయటికి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె రెప్ప వెయ్యకుండా చూసింది.

“అయితే ఇందులో ఎవరి తప్పూ లేదు,” అంది చివరికి. “అందరూ ఎవరి పని వాళ్ళు చేస్తున్నారు. ఓడలో ఏది ఎక్కడుందో రెండు రోజుల ముందే మీకు తెలుసు. రైల్లో ఏది ఎక్కాలో నాకు తెలుసు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టిన మనిషే లేడు.”

వారం రోజులు ఆ రెండు కాగితాలూ క్యాంటీన్ బల్ల మీద పక్కపక్కన ఉన్నాయి. డ్యూటీ దిగాక నేనూ కూర్చునేవాణ్ణి. అగ్గిపెట్టెలు ఓడలా పేర్చేవాళ్ళం. రైలుకు వెళ్ళేవాటిని కుప్పల్లో వెయ్యకుండా, నేరుగా పట్టాల పక్కకు, వ్యాగన్ల వరసలోనే పంపాలని ఆమె ప్లాను. ఏ పెట్టె ముందు తీస్తే ఓడ ఒక పక్కకు ఒరుగుతుందో నేను చెప్పేవాణ్ణి. ఆమె విసుక్కోకుండా మళ్ళీ మొదట్నుంచి పేర్చేది.

మధ్యమధ్యలో ఫోన్ వచ్చేది. ఆమె గొంతు మెత్తబడిపోయేది. “తిన్నారా? ఎక్కడిదాకా వచ్చారు? ఇంకా గేటు దగ్గరేనా? కాస్త పడుకోండి మరి.”

మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు అగ్గిపెట్టెలు చూస్తూ అడిగాను. “మీ ఆయన కూడా ఈ లైనులోనేనా అండీ?”

ఆమె కాసేపు అర్థం కానట్టు చూసి, పడీపడీ నవ్వింది. “మా నాన్నండీ బాబూ. లారీ డ్రైవరు.”

నా మొహంలో ఏం కనిపించిందో, ఆమె నవ్వు ఆపేసి కాగితాలు సర్దుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. “మీ పోర్టు గేటు ముందు ఒక్కోసారి రెండు రోజులు లైన్లో ఉంటారు. రాను ఒక రోజు, పోను ఒక రోజు. చిన్నప్పుడు లారీయే నాన్న ఇల్లనుకునేదాన్ని. మా ఇంటికి చుట్టంలా వచ్చి వెళ్తారనుకునేదాన్ని. ఈ రైలు నిండుగా నడిస్తే నాన్నకు టెర్మినల్ నుంచి ఫ్యాక్టరీ దాకానే పని. పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చెయ్యొచ్చు.”



మేనేజరు ఒక్క ఓడకు ఒప్పుకున్నాడు. “ఒక్కటంటే ఒక్కటే. నాలుగింటికి రైలు నిండలేదా, ఇక ఈ మాట ఎత్తొద్దు.”

ఆ రోజు పదకొండింటి దాకా అంతా అనుకున్నట్టే సాగింది. అప్పుడు గాలి లేచింది. సైరన్ మోగింది. క్రేన్లన్నీ ఆపేశాం. మూడు గంటలు గడిచాయి. వాన పలచబడి గాలి తగ్గేసరికి రెండయింది. పదమూడు వ్యాగన్లు ఖాళీగా మిగిలాయి.

“ఇక ఏది చేతికొస్తే అది దించెయ్యండి,” అన్నాడు మేనేజరు వాకీటాకీలో.

“అయిదు నిమిషాలు ఇవ్వండి సార్,” అని ఆమె గొంతు వినిపించింది. చేతిలో కాగితం తడిసి ముద్దయిపోయింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కళ్ళు మూసుకుని వానలో నిలబడింది. పైనుంచి చూస్తున్నాను. నాలుగు వేల కంటైనర్లు ఆ చిన్న ఎర్ర హెల్మెట్ కింద మళ్ళీ వరస మారుతున్నాయి.

కళ్ళు తెరిచింది. “మూడో నెంబరు గారూ, ఎడమ నుంచి రెండో వరస, అన్నిటికన్నా పైది.”

ఆమె చెబుతూ పోయింది. నేను తీస్తూ పోయాను. ఒక్క నెంబరూ తప్పలేదు. ఆమె ఒక్కసారీ తడబడలేదు. పైనుంచి మొదటిసారి ఓడను చూసినప్పుడు ఆమెకు మాట ఎందుకు పోయిందో, ఇప్పుడు ఆమెను చూస్తుంటే నాకు అర్థమైంది.

నాలుగుకు ఆరు నిమిషాలుందనగా చివరి వ్యాగన్ నిండింది. ముప్పావు కిలోమీటరు పొడవున్న రైలు, ఒక ఊరు లేచి నడుస్తున్నట్టు, నా కాళ్ళ కింది నుంచి కదిలింది. క్రేన్లలో ఉన్నవాళ్ళం అందరం హారన్లు మోగించాం. ఆమె హెల్మెట్ తీసి, రైలు చివర కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడింది.

తర్వాత ప్రతి ఓడకూ అదే పద్ధతి వచ్చింది. ఆమె తన టెర్మినల్‌కు వెళ్ళిపోయింది. నా గదిలో కాళ్ళ కింద అద్దం అలాగే ఉంది, ఎర్ర హెల్మెట్ మాత్రం లేదు. నెల ఆగి, సెలవు పెట్టి నేనూ రైలెక్కాను.

నా చేతిమీదుగా దిగిన కంటైనర్లు సముద్రమే లేని చోట, మొక్కజొన్న చేల మధ్య, వరసగా దిగుతున్నాయి. ఏడేళ్ళలో మొదటిసారి చూశాను, అవి ఎటు పోతాయో. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

“మూడో నెంబరు గారు నేల మీద కూడా నడుస్తారా?” అంది వెనక నుంచి.

వస్తూ దారంతా పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. “పైనుంచి అందరూ ఒకేలా కనిపిస్తారండీ. మీరెక్కడున్నారో మాత్రం కళ్ళు వాటంతటవే వెతుక్కునేవి. ఇప్పుడు దిగినా అదే పని.”

“తెలుసు. ఆ రోజు వానలో నన్ను చూస్తూ ఆరోది వదిలేసి ఏడోదాని మీదికి వెళ్ళబోయారు.”

“చూశారా?”

“నేనూ మీ వైపే చూస్తున్నాను కదా మరి.” తర్వాత ఆమె మొహమంతా ఎర్రబడింది.

లారీ పక్కనున్న పెద్దాయన మా ఇద్దర్నీ అప్పటికే కాసేపుగా గమనిస్తున్నాడు. దగ్గరికి వచ్చాడు. “మూడో నెంబరు క్రేను మీదేనా బాబూ? దాని నీడలో చాలా రోజులు పడుకున్నాను. ఇంట్లో ఎవరెవరుంటారు?”

“అమ్మా, నేనూ అండీ.”

ఆయన కూతురి వంక చూశాడు. ఆమె కాదనలేదు.

“అయితే ఆదివారం అమ్మగారితో మా ఇంటికి రండి,” అన్నాడు. “ఇప్పుడు ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటున్నాను.”

ఆమె గబుక్కున అటు తిరిగి, కంటైనర్ నెంబరేదో చదువుతున్నట్టు నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఆయనా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఆమె ఇటు తిరిగేదాకా, తొందరేమీ లేనట్టు, అలాగే నిలబడ్డాం.