ఆపరేషన్‌కి తోడెవరు?

బరువెక్కువైందని లిఫ్ట్ కుయ్యోమని మొత్తుకుంది. లోపలున్న వాళ్ళందరూ ఒకరినొకరు చూసుకుని చూసుకుని చివరికి ఓ లావుపాటి మనిషి పొట్ట దగ్గర ఆగారు.

"కొంచెం దిగుతారా? నాకు టైమవుతోంది," అంది అందరికన్నా ఆఖరున దూరిన తెల్లకోటు అమ్మాయి.

"అది మోగింది మీరు ఎక్కాకండీ. నేను లిఫ్ట్ మెకానిక్‌ని, నా మాట నమ్మండి."

"అయితే ఇంకా మంచిది. మెట్లెక్కడున్నాయో మీకు తెలిసే ఉంటుంది."

అందరూ నవ్వారు. అతను దిగిపోయాడు. ఆయాసపడుతూ మెట్లెక్కి డైటీషియన్ గది తలుపు తోస్తే, కుర్చీలో ఆ అమ్మాయే! అతని గుండె గుభేలుమంది. ఆయాసం వల్లేనని సర్దిచెప్పుకున్నాడు.

అతని అవసరం మాత్రం నవ్వులాట కాదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోంది. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకోకపోతే ఏదో ఒకరోజు నిద్రలోనే ప్రమాదమని సర్జన్ తేల్చి చెప్పాడు. లిఫ్ట్ పైకప్పు తలుపులోంచి దూరలేకపోతున్నాడని కంపెనీ వాళ్ళు పనిముట్లు లాక్కుని, ఫిర్యాదులు రాసుకొమ్మని చేతికి ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టారు. ఇక ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకోవడమే తరువాయి.

వాళ్ళు ఒప్పుకోకుండా ఉండటంలో ఆరితేరినవాళ్ళు. ముందు ఆరు నెలలు డైటీషియన్ దగ్గర తిండి తగ్గించి చూడమన్నారు. మధ్యలో, పోయిన నెలా ఈ నెలా అతని ఎత్తు ఒకేలా ఎందుకుందో వివరణ అడిగారు. ఫోన్ చేస్తే అతని కాల్ తమకెంతో విలువైనదని చెప్పి, ఆ విలువైన కాల్‌కి సంగీతం వినిపించారు.

ఈలోగా డైటీషియన్ అతనికి చుక్కలు చూపించింది.

"నమలండి. మింగడానికి అంత తొందరేంటి? ఎవరైనా లాక్కుంటారా?"

"లిఫ్ట్‌లో ఎవరో ఇరుక్కున్నారని ఫోనొస్తే సగంలో లేచి పరిగెత్తేవాణ్ణండీ. చిన్నప్పటి నుంచీ కాదు, ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ అలవాటు."

ఆమె పెన్ను కింద పెట్టి అతని వంక చూసింది. ఆ పూట ఇంకేం తిట్టలేదు. అతనికి ఏదో వెలితిగా అనిపించింది. అప్పటికే ఆ తిట్ల కోసం ఎదురుచూసే స్థితికి వచ్చేశాడు మరి.

బుద్ధిగా చెప్పినట్టు విన్నాడు. కొన్ని కిలోలు తగ్గాడు. ఆమె తనే గెలిచినంత సంబరపడి చప్పట్లు కొట్టింది. వారం తిరక్కుండా ఇన్సూరెన్స్ జవాబు వచ్చింది: డైట్‌తోనే తగ్గుతున్నారు కాబట్టి ఆపరేషన్ అనవసరం.

"మీరు ఇంత బాగా పని చేయకుండా ఉండాల్సిందండీ," అన్నాడు నీరసంగా.

ఆమె అతని ఫోన్ లాక్కుని, ఇన్సూరెన్స్ వాళ్ళకి కలిపి స్పీకర్‌లో పెట్టింది.

"బరువు తగ్గకపోతే ఏమంటారు?"

"పేషెంట్ సహకరించలేదంటాం మేడమ్."

"తగ్గితే?"

"అవసరం లేదంటాం మేడమ్."

"మరి ఎవరికి ఒప్పుకుంటారండీ?"

"అర్హత ఉన్నవాళ్ళకి మేడమ్. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఆమె ఒంటికాలి మీద లేచింది. నిద్ర పరీక్ష రిపోర్టులు తీసింది, సర్జన్ చేత మాట్లాడించింది, పైఅధికారుల ప్రాణం తోడేసింది. చివరికి వాళ్ళు విసుగెత్తి ఒప్పుకున్నారు. కానీ నెలాఖరులోపు ఆపరేషన్ అయిపోవాలట. అంతకుముందే, ఇంట్లో దగ్గరుండి చూసుకునే మనిషి ఆసుపత్రిలో క్లాసుకు హాజరై నేర్చుకోవాలట.

ఇంట్లో ఉన్న మనిషి అమ్మ. డైటీషియన్ చిన్న కప్పు చూపించి, ఆపరేషన్ అయ్యాక మొదట్లో ఒక పూటకి ఇంతే, అదీ గుక్క గుక్కగా అని చెబితే ఆవిడ నోరెళ్ళబెట్టింది.

"ఇది రుచి చూడ్డానికేనా అమ్మాయ్? అన్నం ఎప్పుడు?"

"ఇదే భోజనం అండీ. ఇంకో రెండు స్పూన్లు కావాలని బతిమాలితే ఏం చేస్తారు?"

"నాలుగు పెడతాను. కన్నకొడుకు అడిగితే లేదంటానా?"

ఫెయిలు. మర్నాడు మళ్ళీ అడిగితే, ఆలోచించి ఆలోచించి మూడుకి దిగింది.

"ఎవరినైనా వేరే మనిషిని చూసుకోండి, త్వరగా," అంది డైటీషియన్, అమ్మ బయటికెళ్ళాక.

"చూసుకున్నాను," అన్నాడతను. నీళ్ళు నమిలాడు. "ఆవిడ ఒప్పుకుంటుందో లేదో తెలీదు. నా ఎదురుగానే కూర్చుంది."

ఆమె మొహం ఎర్రబడింది. "మీరు నా పేషెంట్. ఈ మాట నేను వినలేదు."

తర్వాత అతని ఫైలు పెద్ద డైటీషియన్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆపరేషన్ పోతే పోయింది, ఆ అమ్మాయి మనసు నొప్పించానే అని అతను కుమిలిపోయాడు. కుమిలిపోతూ కూడా నిదానంగా నమిలాడు.

ఆఖరి క్లాసు రోజు పెద్ద డైటీషియన్ కళ్ళజోడు పైనుంచి చూసింది. "మెకానిక్ గారి తరఫున ఎవరు?"

అమ్మ బెదురుతూ లేవబోయింది.

"నేనండీ." తెల్లకోటు లేకుండా, వెనక వరుసలోంచి ఆమె లేచి నిలబడింది.

"నువ్వా? పాఠం చెప్పేదానివి, ఇక్కడెందుకు?"

"పేషెంట్‌ని మీకు అప్పగించేశానుగా మేడమ్. ఇప్పుడు నేర్చుకునేదాన్నే. హాజరు వేసుకోండి."

"పేషెంట్‌కి ఏమవుతావు?"

క్లాసంతా ఇటు తిరిగింది. అమ్మ పక్కన కూర్చున్న అతను లేచాడు.

"నేనింకా సరిగ్గా అడగలేదండీ. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"ఆ ఉద్దేశం లేకపోతే సెలవు పెట్టి మరీ ఎందుకొస్తానండీ?" అంది తల వంచుకుని. "మీరే అడగాలని మూడు రోజులుగా ఫోన్ కూడా ఎత్తలేదు. ఎత్తితే నేనే అడిగేసేదాన్ని."

అతనికి కళ్ళు చెమర్చాయి. ఊపిరి నిండుగా అందినట్టనిపించింది.

అమ్మ మాత్రం దిగాలుగా కూర్చుంది. "మంచిదే తల్లీ. వాడిని నువ్వు చూసుకుంటే, నేను ఇంకెవరికి వండిపెట్టను?"

ఆమె వెళ్ళి అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"నాకు పెట్టండి అత్తయ్యా. ఈయన తిండి గొడవలో పడి నేను సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో!"

అమ్మ కళ్ళు తుడుచుకుని, ఆ పిల్లని ఎగాదిగా చూసి, కొడుకు వైపు తిరిగింది. "ఎంత చిక్కిపోయిందిరా! ముందు ఇంటికి పదండి."