కొత్తగా కట్టిన పాత గుడిసె

దుబాయ్ దిక్కున అల్ ఐన్ ఊరికి వెళ్ళే దారిలో, ఇసుక మధ్యన ఒక పెద్ద తోట ఉంది. ఆ తోట చివర ఒక గుడిసె. పొద్దు గూకాక అటు అడుగు వేసేవాడు లేడు… వేసినా వెనక్కి తిరిగి చూసేవాడు లేడు.

పాత గుడిసె కాదండోయ్. మొన్న 2022లో కట్టింది!

తోట యజమానిని అందరూ అర్బాబ్ అంటారు. ఆయన ఒక ఎండాకాలం ఇంగ్లండు పల్లెల్లో గడిపి వచ్చాడు. రెండొందల ఏళ్ళ కిందట అక్కడి దొరలకి ఒక పిచ్చి పట్టిందట. ఇల్లు ఉండటానికి బాగుంటే చాలదు, దూరం నుంచి బొమ్మ గీసినట్టు కనపడాలి. అందుకని కప్పులు ఎగుడుదిగుడుగా, పొగగొట్టాలు తలా ఒక ఎత్తులో, గోడల నిండా తీగలు. తోట చివర ఒక పేదవాడి గుడిసె. గుడిసె మాత్రమే కావాలి, పేదవాడు అక్కర్లేదు! అర్బాబ్‌కి అదంతా తెగ నచ్చింది. ఒక ఇంగ్లీషు డిజైనర్ని పిలిపించి, అలాంటి బంగళా, అలాంటి గుడిసె కట్టించుకున్నాడు.

మన జగిత్యాల వాళ్ళు ఊళ్ళో కారే పెంకుటిళ్ళు వదిలి, స్లాబు వేసుకుందామని దుబాయ్ వచ్చారు. ఇక్కడ వాళ్ళ చేతే, పాతగా కనపడాలని కొత్త గోడకి ఉలితో పగుళ్ళు కొట్టించారు. కడుపు మండదా?

ఈ సంగతి నాకు చెప్పింది పోశయ్య. కూలీలు ఉండే ఐకాడ్ క్యాంపులో నా పక్క మంచం ఆయనది. గుడిసె పూర్తయ్యాక ఆయన ఆ తోటపనికి చేరాడు. వెంట అక్క చంద్రవ్వ కొడుకు దేవేందర్ కూడా ఉన్నాడు. "నా కొడుకును నీ చేతుల వెడుతున్న తమ్మీ" అని ఆమె ఏడిస్తే, ప్రాణంలా చూసుకుంటానని మాటిచ్చి తెచ్చుకున్నాడు.

చేరిన రోజే సూపర్‌వైజర్ రాజశేఖర్ గొంతు తగ్గించి చెప్పాడట.

"ఆ గుడిసె దిక్కు పోకుండ్రి. పునాది తవ్వేటప్పుడు ఒక మేస్త్రి మట్టి కింద పడి సచ్చిండు… తెలిసినోళ్ళ గొంతుతోని పిలుస్తడు."

అందరూ అటు వెళ్ళడం మానేశారు. దేవేందర్ ఒక్కడే నవ్వాడు.

"మామా, ఆ దయ్యానికి ఏసీ ఉందా అడిగొస్త" అనేవాడు ఎప్పుడూ.

జులైలో ఒక సాయంత్రం క్యాంపు బస్సు వచ్చింది. అందరూ ఎక్కారు. దేవేందర్ లేడు. మధ్యాహ్నం నుంచి ఏదో మూల పనిలో ఉన్నాడనే అనుకున్నారు. ఫోన్ చేస్తే చెట్టు కింద వాడి సంచిలోనే మోగింది. బస్సును పంపేసి పోశయ్య ఒక్కడే వెతకడానికి ఉండిపోయాడు.

నీళ్ళ ట్యాంకు దగ్గర లేడు. ఖర్జూర చెట్ల కింద లేడు. పొద్దు గూకే వేళ వచ్చే మగ్రిబ్ నమాజు పిలుపు ఆగిపోయింది. చీకటి పడింది…

మిగిలింది ఆ గుడిసె ఒక్కటే.

ఫోన్ లైటు పట్టుకుని కొంత దూరం నడిచాడు. అక్కడే ఆగి పిలిచాడు.

"దేవేందర్…"

గాలి లేదు. ఆకు కదలడం లేదు. అప్పుడు—లోపలినుంచి—

"మామా…"

దేవేందర్ గొంతే! సన్నగా, ఎండిపోయి ఉంది.

పోశయ్య నోరు తెరిచి… మూసుకున్నాడు. చీకట్లో ఎవరు పిలిచినా వెంటనే పలకొద్దని ఆయన తల్లి నేర్పింది. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. దయ్యం రెండుసార్లే పిలవగలదు. ఆలోగా పలికావా, నీ పని అంతే.

"మామా…"

రెండు.

పలకలేదు. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. మూడో పిలుపు వినపడలేదు. గేటు దాకా ఒకటే పరుగు. రాజశేఖర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

పొద్దున నలుగురూ కలిసి వెళ్ళి చూశారు. మధ్యాహ్నపు విరామంలో నీడ కోసం దేవేందర్ లోపలికి వెళ్ళి అటక మీద పడుకున్నాడు. అది మనిషిని మోసే అటక కాదు, అలంకారానికి వేసిన పలుచటి చెక్క. విరిగింది. పగుళ్ళు కొట్టిన గోడ వాడి కాళ్ళ మీద కూలింది. అప్పటికే ఒళ్ళు చల్లబడింది.

రాత్రే తీసి కాసిని నీళ్ళు తాగించి ఉంటే బతికేవాడని అంబులెన్సు వాళ్ళు అన్నారు.

రాజశేఖర్ తల పట్టుకున్నాడు. "ఆ మేస్త్రి లేడు, ఏం లేడు. మీరందరు ఆడ పండుకుంటే సూసేటందుకు ఖరాబుంటదని ఆ కథ నేనే పుట్టిచ్చిన."

వారం తర్వాత డిజైనర్ వచ్చాడు. చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నాడు. గోడ కూలింది కూలినట్టే వదిలేయమన్నాడు. ఉలితో కొట్టిన పగుళ్ళకన్నా ఇదే సహజంగా ఉందట! అర్బాబ్ కూడా సరేనన్నాడు.

ఇదంతా విన్నాక నేను ఉండబట్టలేక అడిగాను.

"పోశన్నా, మరి వాడు మూడోసారి పిలవనే లేదా?"

ఆయన మంచం మీద గోడవైపు ఒత్తిగిలాడు.

"ఏమో తమ్మీ… రెండోసారి ఇనంగనే నేను చెవులు మూసుకున్న."