జూలై ఇరవై తీర్మానం

పుస్తకం పోయింది.

2011 అక్టోబర్ 25, ఉదయం 10.15. సకల జనుల సమ్మె ముగిసిన మర్నాడు కుంటగూడ పంచాయతీ ఆఫీసు తెరిచారు. బీరువాలో తీర్మానాలు రాసే మినిట్స్ బుక్ లేదు. తాళం పగల్లేదు.

రెండు రోజులకు అదే పుస్తకం ఆఫీసు కిటికీలో కనబడింది. అందులో కొత్తగా ఒక తీర్మానం. ఐదో వార్డు శ్మశానం నాలుగెకరాలు ఐటీ టవర్ల రోడ్డుకు ఇచ్చినట్టు. తేదీ జూలై 20, ఉదయం 11.00. తొమ్మిది మంది సభ్యుల్లో ఐదుగురి సంతకాలు.

పాత తేదీ ఎందుకు? ఎస్సై లింగమూర్తి స్పెషల్ ఆఫీసర్ చలపతిరావును అడిగాడు.

"ఆగస్టులో పాలకవర్గం గడువు అయిపోయిందండి. ఎన్నికల్లేవు. గ్రామం, మండలం, జిల్లా పరిషత్తు, అంతటా మాలాంటి ఆఫీసర్లమే. ఊరి భూమి ఇవ్వాలంటే ఎన్నికైనవాళ్ల సంతకాలే చూస్తారు."

సంతకాలు ల్యాబ్‌కు పంపితే రిపోర్టుకు నెలలు. సోమవారం జేసీబీలు వస్తున్నాయి.

మాజీ సభ్యుడు కిష్టయ్య తన సంతకం ఒప్పుకున్నాడు. చదవలేదట. "మా ఊర్ల మీటింగ్ కూసోదు సార్. పుస్తకమే ఇంటింటికి తిరుగుతది." ఎవరు తెచ్చారంటే చెప్పులు చూసుకున్నాడు.

ఐదో సంతకం మమతది. ఐదో వార్డు మాజీ సభ్యురాలు. వచ్చే ఎన్నికల్లో సర్పంచ్‌గా నిలబడతానని వాడంతా చెప్పుకున్న మనిషి. ఆమె అత్తమామలు ఆ శ్మశానంలోనే ఉన్నారు. ఆ సంతకం తనది కాదని ఒట్టేసింది.

"జూలై ఇరవైన ఎక్కడున్నవమ్మా?"

"యాదికి లేదు సార్."

ఇంట్లో ఆమె ఇద్దరు కొడుకులు హోంవర్క్ చేసుకుంటున్నారు. హఫీజ్‌పేట్ నుంచి వచ్చిన చెల్లెలు అఖిల హౌస్‌కీపింగ్ యూనిఫాంలో పసిబిడ్డను ఊపుతోంది. చెల్లెలి బిడ్డ అని చెప్పింది మమత. గోడకు టీకాల కార్డు. తల్లి: అఖిల. పుట్టింది జూలై 20, ఉదయం 10.40.

బిడ్డ ఏడుపు ఆపలేదు. మమత ఎత్తుకోగానే ఆపింది.

లింగమూర్తి మాజీ సర్పంచ్ మొగిలి దగ్గరికి వెళ్లాడు. ఉద్యమ శిబిరంలో మైకు ఎప్పుడూ ఆయన చేతిలోనే. మొగిలి తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుతూ నవ్వాడు.

"మమతనా? వచ్చింది సార్. పదకొండింటికి నా పక్కనే కూసున్నది. ఛాయ్ గూడ తాగింది."

శనివారం ఉదయం లింగమూర్తి ముందు మమత ఇంటికి వెళ్లాడు. ఒక కాగితం చూపించాడు. మిగతాది చెప్పాలో వద్దో ఆమె ఇష్టమన్నాడు.

11.00. పంచాయతీ ఆఫీసులో అందరూ కూర్చున్నారు. మొగిలి ఛాయ్ మాట మళ్లీ చెప్పాడు. లింగమూర్తి కాగితం టేబుల్ మీద పెట్టాడు.

"అఖిల కంపెనీ గేటు స్వైప్ రికార్డ్. జూలై 20. లోపలికి 6.02. బయటికి 2.10. పదీ నలభైకి కాన్పయిన మనిషి, ఆ టైముకు నానక్‌రామ్‌గూడల నేల తుడుస్తున్నది. మరి కన్నదెవరు?"

అక్కడున్న వాళ్లందరికీ రూలు తెలుసు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి వీల్లేదు.

మమత లేచింది.

"నేనే సార్. ఆడపిల్ల. నాకు మూడోది. పదకొండింటికి నేను దవాఖాన మంచం మీద ఉన్న. ఛాయ్ కాదు, మంచినీళ్లు గూడ ఇయ్యలే."

లింగమూర్తి చెయ్యి చాపాడు. మొగిలి గుత్తి ఇచ్చాడు. అందులో మూడో తాళంచెవి బీరువాకు పట్టింది. అది చూశాక కిష్టయ్యకు నోరు పెగిలింది. పుస్తకం తెచ్చింది మొగిలేనన్నాడు.

జీపెక్కుతూ మొగిలి వెనక్కి తిరిగాడు. "ముగ్గురా? ఇగ నీకు నామినేషన్ లేదు మమతా."

తీర్మానం రద్దయింది. శ్మశానం మిగిలింది. కేసు కోర్టులో వాయిదాల మీద నడిచింది.

2013 జూలైలో ఎన్నికలొచ్చాయి. నామినేషన్ కేంద్రం గేటు దగ్గర లింగమూర్తి బందోబస్తు డ్యూటీలో ఉన్నాడు. మెడ నిండా దండలతో మొగిలి వచ్చాడు. పోటీకి ఇంకెవరూ లేరు.

ఆగి, చేతులు జోడించి, ఫారం చూపించాడు.

"అంతా రూల్ ప్రకారమే సార్. నాకు ఇద్దరే పిల్లలు."