పక్క నుంచి వచ్చే మట్టి బిళ్ళలు

మారెన్ క్లెప్పే పేరు నాకు తెలిసేసరికి నా కాఫీ మొత్తం నా చొక్కా మీద ఉంది.

ఏప్రిల్ నెల, శనివారం ఉదయం. విస్కాన్సిన్‌లో మా వైపు కొండల మీద మంచు అప్పుడప్పుడే కరుగుతోంది. తుపాకీ షూటింగ్ మైదానం గేటు దగ్గర కాగితం కప్పు పట్టుకుని ఒక పక్కగా నిలబడ్డాను. ఎర్ర టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒకతె భుజాన తుపాకీ సంచితో, ఎవరికో ఏదో చెబుతూ గిరుక్కున పక్కకి తిరిగి నన్ను గుద్దేసింది.

"అయ్యో! ఎక్కణ్ణించి ఊడిపడ్డారు మీరు?"

"నేనా? పావుగంట నుంచి ఇక్కడే ఉన్నాను. చెట్టునైతే ఈపాటికి వేళ్ళు కూడా దిగేవి."

"చెట్టయితే నేనే తప్పుకునేదాన్ని. ఇక్కడ చెట్లెక్కడున్నాయో నాకు తెలుసు. మనుషులే చెప్పకుండా మొలుస్తారు."

అంతే. సారీ అన్న మాట కూడా లేకుండా వెళ్ళిపోయింది. వెనక నుంచి వెర్నా పకపకా నవ్వింది.

వెర్నాకి డెబ్భై ఒకటి. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. మెడలో ఎప్పుడూ ఒక ఈల వేలాడుతుంది. మా శనివారం క్లబ్బుకి పెద్దా దిక్కూ ఆవిడే. క్లబ్బుకి సొంత మైదానం లేదు. రెండు వారాలకోసారి పదిహేను ఇరవై మందిమి బండ్లలో సర్దుకుని ఏదో ఒక మైదానానికి వెళ్ళేవాళ్ళం. అడవి దారిలో ఒక్కో స్టాండు దగ్గరా ఆగి, మెషిను విసిరే మట్టి బిళ్ళల్ని గాల్లో కొట్టేవాళ్ళం. ఎవరు ఎన్ని కొట్టినా చివరికి అందరం ఒకే బల్ల చుట్టూ చేరి చీజ్ వేపుళ్ళు తినేవాళ్ళం.

"ఒరేయ్ ఆర్లో, చొక్కా పిండుకో. ఆ పిల్ల పేరు మారెన్ క్లెప్పే. నువ్వు తన జట్టులోనే," అంది వెర్నా.

ఆ రోజు మారెన్ తుపాకీ పట్టడం చూసి చొక్కా సంగతి మరిచిపోయాను. "పుల్!" అని అరిచి బిళ్ళ వదలమనేది. ఎదురుగా ఎగిరిపోయే బిళ్ళ అలా లేచీ లేవకముందే పొడి పొడి అయిపోయేది. కాని పక్క నుంచి అడ్డంగా దూసుకొచ్చే బిళ్ళ మాత్రం ఒక్కటీ తగల్లేదు. అది ముందుకి వచ్చేదాకా తల కూడా తిప్పేది కాదు.

"పక్క నుంచి వచ్చేవాళ్ళంటే మీకు లెక్కలేదనుకుంటా," అన్నాను, కాఫీకి బదులు తీర్చుకుంటున్నట్టు.

అందరూ నవ్వారు. తను నవ్వలేదు. తుపాకీ మధ్యకి మడిచి, ఖాళీ తూటాలు తీసి వెనక్కి వచ్చింది.

పొగరు అనుకున్నాను.

భోజనాల దగ్గర తనే వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "నువ్వు ఆవుల డాక్టరువట కదా?"

"ఆవులకి కాదు. పాలు పితికే మెషిన్లకి."

"ఓ. అంటే ఆవులు నీతో మాట్లాడవన్నమాట."

"మాట్లాడతాయి. కాఫీ మాత్రం పొయ్యవు."

అప్పుడు నవ్వింది. మళ్ళీ ఆ నవ్వు కోసం రెండు వారాలు ఎదురుచూశాను. ఆ తర్వాత మరో రెండు వారాలు.

మారెన్ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసేది. మట్టిరోడ్ల వెంట బండి నడుపుతూ రోజుకి మూడు వందల ఇళ్ళ ముందు డబ్బాల్లో ఉత్తరాలు వేసేది. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ ముసలాయన కొడుకు ఉత్తరం కోసం డబ్బా దగ్గరే కుర్చీ వేసుకుంటాడో అంతా తనకి తెలుసు. మే నెల నుంచి మా మైదానాలకి తన బండి తీసుకురావడం మానేసింది. "నువ్వు నడుపు, నేను కూర్చుంటా. వారమంతా నేనేగా నడిపేది," అనేది. నాకంటే అదృష్టవంతుడు ఈ జిల్లాలో లేడనుకున్నాను.

జూన్‌లో ఒకసారి వాన పట్టుకుంది. మిగతావాళ్ళు ముందుకి వెళ్ళిపోయారు. మేమిద్దరం ఆరో స్టాండు రేకు కింద చిక్కుకుపోయాం. రేకు మీద వాన హోరు. తన టోపీ అంచు నుంచి చుక్కలు ముక్కు మీద పడుతుంటే తుడుచుకోకుండా ఎదుటి కొండనే చూస్తోంది.

"అంతగా ఏం చూస్తున్నావు?"

"అంతా. మళ్ళీ ఎప్పుడు చూస్తానో అని."

"రెండు వారాల్లో చూస్తావు. వెర్నా ఊరుకుంటుందా?"

మాటలు రాక, పక్కనే నిలబడ్డ తన ముందుకి మెల్లగా చెయ్యి చాచాను, నడుము ఎత్తున, అరచెయ్యి పైకి పెట్టి. పట్టుకుంటే చాలనుకున్నాను.

తను కొండనే చూస్తూ ఉండిపోయింది. నా చెయ్యి అలాగే వానగాలికి తడిసింది. చివరికి ఆ చేత్తోనే నా టోపీ సర్దుకున్నాను.

"వాన తగ్గింది, పద," అంది మామూలుగా.

ఆ అవమానం నన్ను కాల్చేసింది. వద్దనుకుంటే వద్దని చెప్పు, కనీసం చెయ్యి వైపు చూడొచ్చు కదా! తర్వాతిసారి క్లబ్బుకి వెళ్ళేటప్పుడు, నా బండిలో చోటు లేదని అబద్ధం చెప్పాను.

"ఏమైంది ఆర్లో?" అని అడిగింది.

"ఏం కాలేదు."

"ఏం కానివాళ్ళ మొహం అలా ఉండదు."

"నా మొహం కూడా చూస్తావా నువ్వు?" అన్నాను.

తను తల వంచుకుని, వెర్నా బండి ఎక్కింది. వేసవి అంతా అలాగే గడిచింది.

సెప్టెంబరులో ఆ సంగతి జరిగింది.

మారెన్ స్టాండులో ఉంది, చేతిలో తూటాలు నింపిన తుపాకీ. నేను అలక మీద, ఎవరి మాటా వినకుండా, తనకి ఎడమ పక్కన నేల మీద పడ్డ ఖాళీ తూటాలు ఏరుతూ స్టాండు ముందు గీసిన గీత దాటి ముందుకి వెళ్ళాను. ఎవరి తుపాకీ నిండి ఉన్నా ఆ గీత దాటకూడదు. మొదటి రోజే నేర్పే నియమం అది. తను "పుల్" అంది. బిళ్ళ ఎడమ నుంచి వచ్చింది. మెషిను చప్పుడుకే తుపాకీ గొట్టం అటు తిరిగింది. నేను తలెత్తేసరికి నా కనుబొమ్మల ఎదుట రెండు నల్లటి రంధ్రాలు.

వెర్నా ఈల కొండలు దద్దరిల్లేలా మోగింది.

తుపాకీ పేలలేదు. ఈలకి తన వేలు ఆగిపోయింది. వెర్నా వచ్చి నా కాలరు పట్టుకుని ఊపేసింది.

"చావాలనుందా నీకు? గీత కనపళ్ళేదా? రెండు నెలలు క్లబ్బు వైపు రావొద్దు! పో!"

తప్పు నాదే. ఒప్పుకున్నాను. మారెన్ మాత్రం తుపాకీ బల్ల మీద పెట్టేసి, తెల్లగా పాలిపోయి, నిలబడ్డచోటే కూర్చుండిపోయింది.

మర్నాడు ఆదివారం పొద్దున మెషిన్లు బాగుచేసే నా షెడ్డు తలుపు తట్టిన చప్పుడైంది. మారెన్. మూడు మైళ్ళు నడిచి వచ్చింది. బూట్ల నిండా మట్టి.

"నిన్న నువ్వు నాకు కనపళ్ళేదు," అంది.

"తెలుసు. నేనే గీత..."

"గీత సంగతి కాదు. నువ్వు నా పక్కన రెండు అడుగుల దూరంలో ఉన్నావు. కళ్ళున్న ఎవరికైనా కనపడతావు. నాకు కనపళ్ళేదు."

రెండు చేతులూ గుప్పిళ్ళు చేసి గొట్టాల్లా కళ్ళకి ఆనించుకుంది. "ఇంతే కనపడుతుంది నాకు. చుట్టూ ఏమీ లేదు. ఏడాది కిందట డాక్టరు చెప్పాడు. ఇంకా ఇంకా సన్నబడుతుందట. బండి అప్పుడే మానెయ్యమన్నాడు. ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అనుకుంటూ..."

కాఫీ గుర్తొచ్చింది. నేను చేసిన వెక్కిరింత గుర్తొచ్చింది.

"వానలో..." అన్నాను.

"వానలో ఏంటి?"

"నీ ముందుకి చెయ్యి చాచాను. నువ్వు పట్టుకోలేదు."

"చెయ్యి చాచావా?" అంది. "దానికా ఇన్నాళ్ళూ... ఒక్క మాట అనొచ్చుగా ఆర్లో. చెవులు బాగానే ఉన్నాయిగా నాకు."

అప్పుడు నేనొక పిరికి మాట అన్నాను. ఇప్పటికీ సిగ్గుపడతాను. "ఎవరికీ చెప్పకు. తుపాకీ మానెయ్, చాలు. ఉద్యోగం పోతే ఎలా బతుకుతావు?"

"నా దారిలో రుస్టాడ్ వాళ్ళ కవలలు నా బండి కోసం రోజూ రోడ్డు పక్కన నిలబడతారు. నాలుగేళ్ళ పిల్లలు. రాత్రంతా వాళ్ళే కళ్ళల్లో మెదిలారు. రేపు నువ్వు నన్ను పోస్టాఫీసుకి తీసుకెళ్ళాలి. తాళాలు ఇచ్చేసి వస్తాను. తీసుకెళ్తావా, లేదా?"

తీసుకెళ్ళాను. ఎనిమిదేళ్ళ ఉద్యోగం పావుగంటలో అయిపోయింది. బయటికొచ్చి బండిలో కూర్చుని, బెల్టు పెట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

రెండు వారాల తర్వాత క్లబ్బు వాళ్ళందరి ముందూ తనే నిలబడి చెప్పింది. నన్ను రావొద్దన్నా, తనని బండిలో తెచ్చి గేటు దగ్గరే నిలబడి విన్నాను. అందరూ వచ్చి కావలించుకుంటారనుకున్నాను. వెర్నా మాత్రం కదల్లేదు.

"ఏడాదిగా తెలుసా నీకు? తెలిసీ నిండు తుపాకీ పట్టావా? నీ వెనక నా వాళ్ళని నిలబెట్టాను నేను, మారెన్. నా బస్సులో ఇలా చేసుంటే చెంప పగలగొట్టేదాన్ని." ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

"ఆవిడన్నదాంట్లో అబద్ధమేముంది?" అంది మారెన్.

అక్టోబరులో మిల్వాకీ నగరంలో తన అక్క దగ్గరికి వెళ్ళడానికి సిద్ధమైంది. చూపు తగ్గేవాళ్ళకి కర్రతో నడవడం, వేళ్ళతో చదవడం అక్కడ నేర్పుతారు. పెట్టెలు బండిలో సర్దుతూ అనేశాను.

"వెళ్ళకు. పెళ్ళి చేసుకుందాం. నేను చూసుకుంటాను నిన్ను."

"చూసుకుంటావా?" నీరసంగా నవ్వింది. "విన్నావా నువ్వేమన్నావో? ప్రేమిస్తున్నానని కూడా అనలేదు. జాలో ప్రేమో నీకే తెలీదు. నాకసలే తెలీదు. నా పనులు నేను చేసుకోవడం నేర్చుకుని వస్తాను. అప్పటికీ ఆ మాట అనాలనిపిస్తే అప్పుడు చెప్పు."

"ఉత్తరాలు రాయనా?"

"వద్దు. ఎనిమిదేళ్ళు మోశాను. ఎదురుచూసేవాళ్ళు డబ్బా దగ్గర ఎలా నిలబడతారో చూశాను. అలా నిలబడలేను."

చలికాలం గడిచింది. మెషిన్లు బాగుచేశాను. శనివారాలు వెళ్ళి బిళ్ళలు కొట్టాను, ఎక్కువగా తప్పాను. పక్క నుంచి వచ్చే బిళ్ళ చూసినప్పుడల్లా అది నాకు కనపడుతోందన్న సంగతే బరువుగా అనిపించేది. వెర్నా తన పేరు ఎత్తేది కాదు. నేనూ ఎత్తలేదు.

మరుసటి జూలైలో ఒక శనివారం వెర్నా ఆలస్యంగా వచ్చింది. ఎప్పుడూ ఆలస్యం కాని మనిషి. నేను స్టాండులో ఉన్నాను.

"ఒరేయ్, తుపాకీ కింద పెట్టి వెనక్కి తిరుగు," అంది.

వెర్నా పక్కన తెల్లకర్ర పట్టుకుని మారెన్ నిలబడి ఉంది. కొంచెం చిక్కింది. జుట్టు కత్తిరించుకుంది.

"పొద్దున్నే మిల్వాకీ వెళ్ళి తీసుకొచ్చాను," అంది వెర్నా, ఎటో చూస్తూ. "తొమ్మిది నెలలు కోపంగా ఉన్నాను. ఈ వయసులో అంతకంటే నా వల్ల కాదు."

ఆవిడ మిగతావాళ్ళని తోలుకుని ముందుకి వెళ్ళిపోయింది.

నేను వెళ్ళి మారెన్‌కి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాను.

"బస్సులు మారడం వచ్చు," అంది తను. "వంట చేస్తాను. వేళ్ళతో నెమ్మదిగా చదువుతాను. చూపు మాత్రం ఇంకా తగ్గింది. ఇప్పుడు నీ మొహం మొత్తం ఒకేసారి కనపడదు. ముక్కలు ముక్కలుగా చూడాలి. ముందే చెబుతున్నాను, తర్వాత అనుకోకు."

"ప్రేమిస్తున్నాను," అన్నాను. "ఆ రోజు అనలేదన్నావుగా. జాలి కాదు. చలికాలమంతా చూసుకున్నాను, కాదు."

తను కర్ర చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో నా మొహం పట్టుకుంది. "కదలకు," అంది.

మొదట గడ్డం చూసింది. తర్వాత నోరు.

"నవ్వుతున్నావు," అంది సంతోషంగా.

"ఊఁ."

తన చూపు మెల్లగా పైకి జరిగింది, ముక్కు మీదుగా, చెంపల మీదుగా. నా కళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత బొటనవేళ్ళతో, ఒకదాని తర్వాత ఒకటి, రెండు కళ్ళూ తుడిచింది.