ఆరు గంటల తేడా

ఇద్దీని కాల్చింది పట్టపగలు, దార్ ఎస్ సలాం ఫెర్రీ రేవులో. సైలెన్సర్ ఉన్న పిస్తోలు, రెండే తూటాలు. చేపల బుట్టల మధ్య పడి ఉన్నవాడి టోపీ మడతలో ఒక మెమరీ కార్డు దొరికింది. దాని నిండా వాడు రాసిన కోడ్.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి గూఢచారి శాఖ చీఫ్ మ్వాంబా ఆ కార్డుని ఏజెంట్ రజబు ముందు పెట్టాడు. ఇద్దీ రజబుకి తమ్ముడు. సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు.

"నిన్ను పంపకూడదు," అన్నాడు చీఫ్. "ఇంకెవరూ లేరు."

"పనేమిటో చెప్పండి."

"కిలెంబో ఆనకట్ట నిండిపోయింది. తొమ్మిదింటికి గేట్లు ఎత్తుతున్నారు. ఎత్తకపోతే కట్టే తెగుతుంది. కింద పదహారు ఊళ్లు. నదీ శాఖ సైట్‌లో నోటీసు చూసి కొండెక్కుతారు. ఇంజనీర్లు ఇంగ్లీషు గడియారం చూసి తొమ్మిదని టైపు చేస్తారు. మనవాళ్లు గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు కదా, వాళ్లకది మూడు. ఆ ఆరు గంటలు తీసేసి స్వాహిలీ పేజీలో వేసే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం నీ తమ్ముడు రాసిందే."

"తెలుసు. దానికేమైంది?"

"ఇవాళ ఆ పేజీలో తొమ్మిదనే ఉంది."

రజబు లేచి నిలబడ్డాడు. ఊళ్లలో తొమ్మిదంటే మధ్యాహ్నం మూడు. నీళ్లు వచ్చేసరికి పిల్లలు బడిలో ఉంటారు.

"హాల్డెన్ ముఠా పని. వాడి విదేశీ యజమానులకి ఆ నేల ఖాళీ కావాలి. ఇద్దీ పసిగట్టాడు. రేపు పేపర్లో ఏం రాస్తారో తెలుసా? సాఫ్ట్‌వేర్ లోపం అని! లోపానికి ఉరి వెయ్యలేం కదా."

"ఊళ్లకి ఫోన్ చెయ్యండి."

"చేస్తున్నాం. నిరుడు పుకార్లు నమ్మి రెండుసార్లు కొండెక్కి దిగారు. ఇప్పుడు సైట్‌లో ఉంటేనే నమ్ముతారు. నదీ శాఖవాళ్ల పాస్‌వర్డులన్నీ ముఠా మార్చేసింది. సర్వర్ గదిలోకి వెళ్లాలి. కాపలా హాల్డెన్ మనుషులది."

ఎనిమిదింటికి నదీ శాఖ వరండాలో ఒక కాఫీవాడు కప్పులు గలగలలాడిస్తూ వచ్చాడు. అతని ఇత్తడి కెటిల్ అడుగున నిప్పుల బదులు అరచేతి కంప్యూటర్ ఉంది. ఎర్ర పట్టు గౌనులో ఒకామె ఎదురొచ్చింది. జకియా. హాల్డెన్‌కి కుడిభుజం. రెండేళ్లుగా రహస్యంగా గూఢచారి శాఖకి చెవి.

"కాఫీ తీపిగా ఉందా?"

"తీపి కావాలంటే కొబ్బరుండ కొరుక్కోండి."

గుర్తుమాట సరిపోయింది. ఆమె ఉంగరం ఆనిస్తే సర్వర్ గది తెరుచుకుంది.

"నిన్న ఎందుకు చెప్పలేదు?" అన్నాడు కాఫీవాడి వేషంలోని రజబు, తలెత్తకుండా.

"నిన్న నాకు తెలీదన్నా."

"అన్నా అనకు. అలా పిలిచేవాడు పోయాడు."

జకియా తలుపుకి గడియ పెట్టింది.

రజబు కార్డులోని కోడ్ ఎక్కించాడు. పేజీలో తొమ్మిదే. మళ్లీ ఎక్కించాడు. తొమ్మిదే. బల్ల మీద పిడికిలి పడింది. "వాడి కోడ్ పాడుచేశారు!"

"లేదు. ఇద్దీ ఫోల్డర్‌లో ఎవరూ చెయ్యి పెట్టలేదు. పోల్చి చూసుకో."

చూశాడు. అక్షరం మారలేదు. మరి తప్పెక్కడ?

ఇద్దీ అన్నం ముందు కూర్చుని వాగిన వాగుడు గుర్తొచ్చింది. 'సైట్ అసలు ప్రోగ్రాం ఉంటుందే, ఆ కోర్‌ని ముట్టుకోకూడదన్నయ్యా. నీ కోడ్ వేరే పెట్టుకుని హుక్‌కి తగిలించు, చొక్కా చిలక్కొయ్యకి తగిలించినట్టు. గోడకి సున్నం వేస్తే గోడమీది గీతలు పోతాయి. చొక్కా పోదు.' ఆ పూట తను సరిగా వినను కూడా లేదు.

"బద్ధకస్తులు," రజబు పళ్లు కొరికాడు. "గోడ మీదే గీశారు. ఇద్దీ ప్లగిన్‌ని పిలవకుండా కోర్‌నే కోశారు."

కోర్ తాజా ప్రతి మళ్లీ ఎక్కించే బటన్ నొక్కాడు. నలభై శాతం. తలుపు మీద తుపాకీ మడమల దెబ్బలు. డెబ్బై. గడియ వంగింది. తొంభై తొమ్మిది.

పేజీలో మూడు అని పడింది. టైము ఎనిమిదీ ఇరవై.

తలుపు ఊడింది. ఇద్దరు కాపలావాళ్లు. రజబు రెండు రోజుల కోపం వాళ్ల మీద తీర్చుకున్నాడు. కెటిల్ ఇత్తడిది, మంచి బరువుంది.

పదహారు ఊళ్ల మసీదు మైకులు ఒకేసారి మోగాయి. ఆఖరి ముసలమ్మ చంకలో కోడితో కొండెక్కేసరికి తొమ్మిదికి మూడు నిమిషాలు.

మధ్యాహ్నం మూడింటికి రేవులో సూట్‌కేసుతో హాల్డెన్ నిలబడి ఉన్నాడు. పారిపోవడానికి బోటు జకియా చేతే మాట్లాడించుకున్నాడు. సముద్రం ఖాళీగా ఉంది. పక్కనే ఎవరో కప్పులు గలగలలాడించారు.

"ఏయ్, కాఫీ! నా బోటు రాలేదేం?"

"వచ్చింది సార్. సరిగ్గా మూడింటికే వచ్చి వెళ్లిపోయింది."

"ఇప్పుడే కదా మూడయింది!"

"మీరన్న మాటే బోటువాడికి చెప్పాను, అక్షరం మార్చకుండా," అంది వెనక నుంచి జకియా. "స్వాహిలీలో. వాడి మూడు పొద్దున్నే అయిపోయింది. ఇక పట్టుకో అన్నా."

ఈసారి రజబు అడ్డు చెప్పలేదు. కప్పు కింద పెట్టి బేడీలు వేశాడు.

"ఏమిటిది?" అరిచాడు హాల్డెన్.

"ఏం లేదు సార్," అన్నాడు రజబు. "చిన్న సాఫ్ట్‌వేర్ లోపం."